తుంపరలో కనబడని కారు

గుద్దుకున్న బండి దగ్గరికి వెళ్తున్నప్పుడు నా కాళ్ళు వాటంతటవే వేగం అందుకునేవి. మనుషులకి పెద్దగా ఏమీ కాలేదని ముందే తెలిస్తే మరీను. పక్కనున్నవాళ్ళు అది కంగారు అనుకునేవారు. నిజానికి నాకది సంబరం. జరిగినదాని గుర్తులు ఆ నలిగిన రేకు మీద, ఆ రోడ్డు మీద ఇంకా పచ్చిగా ఉంటాయి. వాటిని చదివి, ఏం జరిగిందో చెప్పే పని నాది. పదవీ విరమణ చేశాక కూడా ఆ అలవాటు పోలేదు. దారిలో సొట్టపడ్డ తలుపు కనిపిస్తే చాలు, ఆగి వంగి చూస్తాను. మా ఆయన చెయ్యి పట్టుకుని లాక్కుపోతాడు.

నేను మోటారు బీమా సర్వేయర్‌ని. పుట్టింది బెంగళూరులోనే. మా పూర్వీకులు హిందూపురం వైపు నుంచి వచ్చి చిక్కపేటలో చీరల వ్యాపారం పెట్టుకున్నారు. నేను మాత్రం మెకానికల్ డిప్లొమా చదివి, చీరలు వదిలేసి కార్ల వెంట పడ్డాను.

ఈ వృత్తిలోకి కొత్తగా వచ్చినవాళ్ళు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తారు. లైసెన్సు పరీక్షల గురించి, రిపోర్టు ఎలా రాయాలన్నదాని గురించి అడుగుతారు. అవి చెప్పడానికి బోలెడు మంది ఉన్నారు. నేను కారు రంగు గురించి మొదలుపెడతాను. వాళ్ళు ముఖముఖాలు చూసుకుంటారు. రంగు షోరూములో తేల్చుకునే సంగతి, ఇంట్లో పిల్లలు కొట్లాడుకునే సంగతి, జాతకాలు నమ్మేవాళ్ళు పంతులుగారిని అడిగే సంగతి. దానికీ ప్రమాదానికీ ఏమిటి సంబంధం? నేనూ మొదట్లో అలాగే అనుకున్నాను. అందుకే ఇది రాస్తున్నాను.

అదే చోటు, అదే పొద్దు

నా మొదటి పై అధికారి నంజుండయ్య గారు. మండ్య వైపు మనిషి. ఆయన కన్నడంలో అడిగేవారు, నేను తెలుగులో జవాబు చెప్పేదాన్ని, ఇద్దరికీ ఏనాడూ ఇబ్బంది రాలేదు. ముక్కుమీద కోపం. కానీ పని నేర్పడంలో అంతటి మనిషిని మళ్ళీ చూడలేదు.

ఒకసారి మా ఆఫీసులోని సీనియర్ ఒకాయన, ఆగి ఉన్న లారీని స్కూటర్‌వాడు వెనక నుంచి గుద్దిన కేసు చూసివచ్చారు. రోడ్డు నేరుగా ఉంది, అడ్డం ఏమీ లేదు, స్కూటర్‌వాడిది పూర్తి నిర్లక్ష్యం అని రాశారు. నంజుండయ్య గారు ఆ కాగితం చదివి, "ఎప్పుడు వెళ్ళావు?" అని అడిగారు. భోజనం అయ్యాక అని ఆయన చెప్పారు. "గుద్దింది పొద్దున కదా. పొద్దునే పోయి చూడు" అని కాగితం వెనక్కి ఇచ్చేశారు. మర్నాడు ఆ సీనియర్‌తో నేనూ వెళ్ళాను. ఆ రోడ్డు సరిగ్గా తూర్పుకి ఉంది. ఎండ సూటిగా కళ్ళలో కొడుతోంది. లారీ ఉన్నచోట మరో లారీని నిలిపితే మాకు వెలుగు తప్ప ఇంకేమీ కనిపించలేదు.

"కారుని చూడాలంటే గ్యారేజీకి పో. ప్రమాదాన్ని చూడాలంటే అదే చోటికి, అదే పొద్దులో, అదే వాతావరణంలో పో." ఇది ఆయన మాట. నేను నేర్చుకున్నదాంట్లో సగం ఇదే.

అయితే ఆయనకీ ఒక మూఢనమ్మకం ఉండేది. తెల్ల కారు అంటే ప్రాణం. జీవితంలో తెలుపు తప్ప మరో రంగు కొనలేదు. ఎవరు కారు కొంటున్నామన్నా, "తెలుపు తీసుకో, అందరికీ కనబడతావు, నూరేళ్ళు బతుకుతావు" అనేవారు. ఎండ మండే మన దేశంలో అది చాలావరకు నిజమే. 'చాలావరకు' అన్న మాట గుర్తు పెట్టుకోండి.

ఎరుపు ఎప్పుడు నలుపవుతుంది

ఒక డాక్టరుగారు ఎర్ర కారు కొన్నారు. ఎరుపైతే దూరం నుంచే కొట్టొచ్చినట్టు కనిపిస్తుందని, భద్రత కోసమే ఎంచుకున్నానని ఆయనే నాతో చెప్పారు. మహదేవపురలో ఒక సర్వీసు రోడ్డు నుంచి రింగ్ రోడ్డు మీదికి వస్తుంటే వెనక నుంచి వ్యాను గుద్దింది. పొద్దు వాలి, వీధి దీపాలు ఇంకా వెలగని వేళ. డాక్టరుగారి కారుకి దీపాలు వెయ్యలేదు. మెడ పట్టేసింది, అంతకుమించి ఏమీ కాలేదు.

"ఇంత ఎర్రటి కారు కనిపించలేదంటాడేమిటండీ?" అన్నారాయన. వ్యాను డ్రైవరు మాత్రం, "నల్ల కారు సార్, చీకట్లో కలిసిపోయింది" అంటున్నాడు. కారు రంగే సరిగ్గా చెప్పలేనివాడి మాట ఎవరు నమ్ముతారు? నేనూ నమ్మలేదు, ఆ సాయంత్రం మా నాన్న అంగడికి వెళ్ళేదాకా.

మా అంగడిలో ఒక పద్ధతి ఉండేది. చీర నచ్చగానే కొనేవాళ్ళు దాన్ని గుమ్మం బయటికి తెచ్చి పగటి వెలుతురులో చూసుకుంటారు. ట్యూబులైటు కింద ఒక రంగు, బయట ఒక రంగు. ఆరోజు కరెంటు పోయింది, బయట మునిమాపు. నాన్న రెండు చీరలు మడతపెడుతున్నారు, ఒకటి దానిమ్మ ఎరుపు, ఒకటి నెమలి నీలం. పగలు చూస్తే ఎరుపే ముందు కళ్ళలో పడేది. ఇప్పుడది నల్లగా ఉంది. నీలం మాత్రం వెలుగుతున్నట్టుంది.

"నాన్నా, ఈ ఎర్ర చీర ఇట్ల నల్లగా అయిందేమి?"

"పొద్దుకూకితే ఎరుపు చచ్చిపోతాదమ్మా. ఇది మాకు కొత్తా ఏమి? ఆ వేళకి పెండ్లి చీరలు చూపించం, రేపు రమ్మంటాం."

నేను గబగబా మెట్లు దిగాను. చిక్కపేట సందులో తోపుడు బండ్ల మధ్య నిలబడి చుట్టూ చూశాను. ఎర్ర బ్యానర్లు, ఎర్ర బకెట్లు, అన్నీ నల్లబడిపోతున్నాయి. ఆకుపచ్చవి, నీలివి ఇంకా నిలబడి ఉన్నాయి. వెలుతురు తగ్గేకొద్దీ మన కన్ను ఎరుపుని ముందుగా వదిలేస్తుందని తర్వాత పుస్తకాల్లో చదువుకున్నాను. ఆ సాయంత్రం మాత్రం లోకంలో ఇది కనిపెట్టింది నేనే అన్నంత గర్వం. వ్యాను డ్రైవరు అబద్ధం చెప్పలేదు. అతను చూసింది నల్ల కారునే.

నల్ల కార్ల సంగతి ఒక్క ముక్కలో చెబుతాను. అవి రాత్రే ప్రమాదం అనుకుంటారు. జయనగర్ లాంటి పాత పేటల్లో పట్టపగలు చూడండి. రెండువైపులా చెట్లు కమ్ముకుని ఉంటాయి, ఎండలోంచి నీడలోకి వెళ్ళిన క్షణం కళ్ళకి చీకట్లు కమ్ముతాయి. ఆ నీడలో ఆగి ఉన్న నల్ల కారు మిట్టమధ్యాహ్నం కూడా మాయమవుతుంది. అలాంటి కేసులు నేను చాలానే చూశాను.

చిన్నప్ప

ఇక అసలు సంగతికి వస్తాను. నేను రిటైరవడానికి కొంతకాలం ముందు జరిగింది.

ఎలక్ట్రానిక్ సిటీలో ఒక కంపెనీకి ఉద్యోగుల్ని దింపే మినీబస్సు, పొద్దున్నే ఆ కంపెనీ గేటు వైపు కుడికి తిరుగుతూ ఎదురుగా వస్తున్న చిన్న కారుకి అడ్డం పడింది. కారు వచ్చి బస్సు ఎడమ పక్కన గుద్దింది. కారు నడుపుతున్న అమ్మాయి పేరు స్వర్ణ, ఖమ్మం నుంచి వచ్చి ఇక్కడ సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తోంది. మోకాలి ఎముక విరిగింది. బస్సుకి బీమా ఇచ్చిన కంపెనీ నన్ను పంపింది.

బస్సు డ్రైవరు చిన్నప్ప. బాగేపల్లి దగ్గర పల్లె. యాభై దాటిన మనిషి, చేతిలో ఎప్పుడూ మడత నలగని తువ్వాలు. నేను వెళ్ళేసరికి ట్రావెల్స్ ఆఫీసు బయట బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. లోపల మేనేజరు ప్రభాకర్ మండిపడుతున్నాడు.

"ఫోన్ చూసుకుంటూ తిప్పాడు మేడమ్, లేకపోతే కునుకు తీశాడు. అంత కారు కళ్ళముందు వస్తే కనిపించలేదంటే ఎవరు నమ్ముతారు? ఇలాంటివాణ్ణి పెట్టుకుంటే రేపు నా కాంట్రాక్టు పోతుంది. మీ రిపోర్టు రాగానే ఇతన్ని తీసేస్తున్నాను."

పోలీసులు ఫోన్ చూశారు, ఆ సమయంలో మాట్లాడినట్టు లేదు. తాగలేదని కూడా తేలింది. నేను బయటికి వచ్చి చిన్నప్ప పక్కన కూర్చున్నాను.

"ఏం జరిగిందప్పా?"

"ఏమి చెప్పేది మేడమ్. గేటు కాడ స్లో చేసినా. ముందర చూసినా. రోడ్డు ఖాళీగా ఉండాది. తిప్పినా. అంతే, దడ్ మని శబ్దం. ఆ కారు యాడనుంచి వచ్చిందో ఆ దేవునికే తెలియల్ల."

"పూర్తిగా ఆపావా?"

"ఆపల్యా. స్లో చేసినా, అంతే. ఖాళీగా ఉండాది కదా అనుకొంటి." తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. "కండ్ల డాక్టరు కాడికి పోయొచ్చినా మేడమ్. కండ్లు బాగుండాయి అన్నాడు. బాగుంటే కారు ఎట్ల కనపళ్యా? ఆ పాప కాలు పోయిందంటే నాకు అన్నం దిగల్యా. నా కండ్లని నేనే నమ్మేదానికి అయితా లేదు. ఇంగ స్టీరింగు ఎట్ల పట్టుకొనేది?"

నా వృత్తిలో అబద్ధాలు బోలెడన్ని విన్నాను. అబద్ధం చెప్పేవాడు ఎదుటివాణ్ణి తిడతాడు, ఇతను తన కళ్ళని తిట్టుకుంటున్నాడు. ఇది నిజమే అయి ఉంటుందనిపించింది. కానీ అనిపించడం రిపోర్టులో రాసేది కాదు.

గ్యారేజీకి వెళ్ళి కారు చూశాను. ఈమధ్య కొత్త ఫ్యాషన్ ఒకటి వచ్చింది, మెరుపు లేని బూడిద రంగు. పచ్చి సిమెంటు గోడలాంటి రంగు. స్వర్ణ కారు అదే. ముందు దీపాల మీట ఆఫ్‌లో ఉంది. మామూలుగా ఇంజను ఆన్ కాగానే వెలిగే పగటి దీపాలు ఆ మోడల్‌కి లేవు. నా మనసులో నంజుండయ్య గారి మాట మోగింది. అదే చోటు, అదే పొద్దు.

సిమెంటు పొద్దు

ప్రమాదం జరిగిన రోజు సన్నటి తుంపర, మంచులాంటి మసక. అలాంటి పొద్దు మళ్ళీ రావాలి. ఆషాఢంలో బెంగళూరుకి అది కష్టం కాదు. ప్రభాకర్‌ని ఒప్పించడమే కష్టమైంది. "నువ్వే వచ్చి చూడు, చిన్నప్ప చెప్పింది అబద్ధమని తేలితే నీ ఇష్టం వచ్చినట్టు చెయ్యి" అన్నాను.

తుంపర పడుతున్న ఒక ఉదయం అందరం అక్కడ కలిశాం. మూడు కార్లు తెప్పించాను. నా తెల్ల కారు, మా బంధువుల పసుపు కారు, స్వర్ణ కారులాంటిదే షోరూమువాళ్ళ నుంచి అడిగి తెచ్చిన సిమెంటు రంగు కారు. డ్రైవరుని పెట్టి, తను పక్కన కూర్చుని వాటిని నడిపించే బాధ్యత నా సహోద్యోగి ఫిరోజ్‌కి అప్పగించాను. మూడూ దీపాలు లేకుండా, నెమ్మదిగా, ఒకదాని తర్వాత ఒకటి రావాలి. ఏ వరుసలో వచ్చేది మాకు చెప్పకూడదు. గేటు పక్కన బస్సు ఆపి, డ్రైవరు సీట్లో నేను కూర్చున్నాను. పక్కన చిన్నప్ప, వెనక ప్రభాకర్.

ముందు చూశాను. కొత్తగా వేసిన కాంక్రీటు రోడ్డు, తడిసి బూడిద రంగులో ఉంది. పక్కన ఫ్లైఓవర్ స్తంభాలు, అదే రంగు. పైన ఆకాశం, అదే రంగు.

మొదటిది పసుపు కారు. దూరాన టీ అంగడి మలుపు తిరగగానే ముగ్గురం ఒక్కసారే, "అదిగో" అన్నాం.

రెండోదానికోసం చూస్తున్నాం. రోడ్డు ఖాళీ. కాసేపు చూసి ఫిరోజ్‌కి ఫోన్ చేశాను.

"ఇంకా బయల్దేరలేదా?"

"ఏంటి మేడమ్, నేను మీ ఎదురుగానే వస్తున్నా. మీ బస్సు నాకు కనిపిస్తోంది."

కళ్ళు చిట్లించి చూస్తే, మసకలో ముందు తడి టైర్ల నల్ల చారలు కనిపించాయి. ఆ తర్వాత వాటి పైన నా కారు. నేను రోజూ నడిపే నా తెల్ల కారు. పొగమంచు కూడా తెలుపే కదా. తెలుపు పక్కన తెలుపు పెడితే ఏం కనిపిస్తుంది? నాకు ఒళ్ళు పులకరించింది. జీవితమంతా నమ్మినది కళ్ళముందు తలకిందులవుతుంటే బాధ వెయ్యాలి కానీ, నాకు చప్పట్లు కొట్టాలనిపించింది.

మూడోది రావాలి. ఈసారి ప్రభాకర్ లేచి మా ఇద్దరి సీట్ల మధ్య నిలబడ్డాడు. అద్దం వైపు వంగి చూస్తున్నాడు. వైపర్లు కదులుతున్నాయి.

"ఇప్పుడైతే ఏమీ లేదు మేడమ్" అన్నాడు. "ఖాళీయే. ఇప్పుడు తిప్పెయ్యొచ్చు."

అతని మాట పూర్తి కాకముందే సిమెంటు కారు మా బస్సు ముందు నుంచి మెల్లగా దాటిపోయింది. ప్రభాకర్ నోరు తెరుచుకుని అలాగే ఉండిపోయాడు. చిన్నప్ప తువ్వాలులో ముఖం దాచుకున్నాడు. భుజాలు కదులుతున్నాయి. కాసేపటికి ప్రభాకర్ అతని వీపు మీద చెయ్యి వేశాడు.

నాకు ఇంకొకటి తెలుసుకోవాలని ఉంది. ఫిరోజ్‌కి మళ్ళీ ఫోన్ చేశాను. "అదే సిమెంటు కారు, ఈసారి దీపాలు వేసుకుని రా."

టీ అంగడికి ఎంతో అవతల, చెట్ల చాటునుంచే రెండు చుక్కలు కనిపించాయి. పసుపు కారు కూడా అంత దూరంలో కనిపించలేదు. ముగ్గురం ఏకంగా చేతులెత్తాం. ఎంత ముదురు రంగైనా, ఎంత మసకైనా, దీపం వేస్తే రంగుల మధ్య ఈ పంచాయితీ దాదాపు ఉండదు. ఇన్నేళ్ళ నా పనికి ఒక్క పొద్దులో దొరికిన జవాబు అది.

అక్కడే వానలో నిలబడి నంజుండయ్య గారికి ఫోన్ చేశాను. ఆయన రిటైరై చాలా కాలమైంది. తెల్ల కారు మంచులో కనిపించలేదని చెప్పాను.

"నిజమా?"

"నా కళ్ళతో చూశాను సార్."

"మళ్ళీ తుంపర పడితే చెప్పు. నేనూ వచ్చి చూడాలి" అన్నారు. ఆ వయసులో ఆ ఉత్సాహం. ఆ మాట విన్నాక ఆయన మీద గౌరవం ఇంకా పెరిగింది. ఆయన తెల్ల కారు అమ్మలేదు లెండి. తుంపరపడితే దీపాలు వేసుకోవడం మొదలుపెట్టారు.

రిపోర్టు నిజాయితీగా రాశాను. డ్రైవరు చెప్పింది నిజం, ఆ వెలుతురులో ఆ కారు కనిపించదు. అయితే ఎదురు దారి దాటి కుడికి తిరిగేటప్పుడు పూర్తిగా ఆపి, రెండోసారి చూడకపోవడం అతని పొరపాటు. కొత్తవాళ్ళు ఇది బాగా పట్టుకోవాలి. మనిషి నిజం చెప్పాడన్నది ఒకటి, అతని తప్పు ఏమీ లేదన్నది వేరొకటి. రెంటినీ కలిపేస్తే ఎవరో ఒకరికి అన్యాయం జరుగుతుంది. ప్రభాకర్ చిన్నప్పని తీసెయ్యలేదు. మిగతా డ్రైవర్లందర్నీ ఒక తుంపర పొద్దున అక్కడికి తీసుకెళ్ళి అదే పరీక్ష చూపించాడు.

స్వర్ణ అడిగిన ప్రశ్న

స్వర్ణని చూడటానికి మహదేవపురలో ఆమె ఉంటున్న ఫ్లాటుకి వెళ్ళాను. కాలికి కట్టుతో సోఫాలో కూర్చుని ఉంది. జరిగినదంతా చెప్పాను. వింటూ వింటూ ముఖం ఎర్రబడింది.

"అంటే ఏంటి మేడమ్, నా కార్ కలర్ వల్లే యాక్సిడెంట్ అయిందంటారా? నేను కరెక్ట్ లేన్‌లో ఉన్నాను. స్పీడ్ లేదు. ఫోన్ లేదు. సెలెక్ట్ చేసుకోమని షోరూమ్‌లో చూపించిన కలరే కదా నేను కొన్నది."

"నీ తప్పని నేను అనట్లేదమ్మా. నీ దారిలో నువ్వు వచ్చావు. ఆగి చూడాల్సింది ఆయన. ఆయన చూసినా కనిపించే అవకాశం తక్కువని మాత్రమే చెబుతున్నాను."

"లైట్స్ వేసుకునే బయల్దేరాను మేడమ్" అంది గొంతు తగ్గించి. "దారిలో ఎదురుగా వచ్చిన స్కూటీ ఆయన చేత్తో ఇలా ఇలా అన్నాడు." వేళ్ళు మూసి తెరిచి చూపించింది. లైటు అనవసరంగా వెలుగుతోందని చెప్పడానికి రోడ్డు మీద మనమంతా చేసే సైగ. "పాపం మంచికే చెప్పాడు కదా అని ఆఫ్ చేసేశాను."

ఎంత మంచి మనసుతో చేసిన సైగ అది. ఇప్పటి బైకులకి ఇంజను ఆన్ అయితే దీపం దానంతటదే వెలుగుతుంది, అది కనబడటం కోసమే. కారుకి దీపం దారి చూడటానికే అనుకుంటాం. నలుగురికి మనం కనబడటానికి కూడా అని ఎవరూ చెప్పరు. దయచేసి మీరు చెప్పండి. వానలో, మంచులో, మునిమాపులో ఎవరైనా దీపాలు వేసుకుంటే ఆ సైగ చెయ్యొద్దని కూడా చెప్పండి.

"ఆ డ్రైవర్ ఎలా ఉన్నాడు?" అని అడిగింది నేను లేస్తుంటే.

"నీ కాలు గురించే అడుగుతుంటాడు. వచ్చి నిన్ను చూడాలని ఉంది, ధైర్యం చాలట్లేదు."



మళ్ళీ స్టీరింగ్

కాలు నయమైంది. కారు బాగై వచ్చింది. స్వర్ణ మాత్రం తాళం ముట్టుకోలేదు. ఆఫీసుకి క్యాబ్‌లో వెళ్ళొచ్చేది. "ఎవరికీ కనిపించనేమో అనిపిస్తుంది మేడమ్. రంగు మార్పించేద్దామా, అమ్మేద్దామా?" అని ఫోన్లో అడిగింది. రంగు మారిస్తే ఆర్టీవోలో రాయించుకోవాలి, అది పెద్ద పనేం కాదు. కానీ భయం రంగులో లేదు. అది మనిద్దరికీ తెలుసు అన్నాను.

కొన్నాళ్ళకి ఆమే మళ్ళీ ఫోన్ చేసింది. "ఆదివారం ఫ్రీగా ఉంటారా? ఆయన్ని కూడా తీసుకురండి. ఆ బస్ డ్రైవర్‌ని."

చిన్నప్ప ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఒక సంచి నిండా బాగేపల్లి వేరుశనక్కాయలు పట్టుకుని వచ్చాడు. ఆమెని చూడగానే చేతులు జోడించాడు.

"అన్నా, కూర్చోండి" అంది స్వర్ణ. ముందు సీటు తలుపు తెరిచి చూపించింది. "మీరు నా పక్కన. మేడమ్ వెనక."

"నేనా తల్లీ? నీ పక్కన నేను కూర్చునేదానికి..."

"మీరే కూర్చోవాలి. నేను ధైర్యంగా నడపాలంటే మీరే ఉండాలి."

మధ్యాహ్నమే మబ్బు కమ్మింది. అపార్ట్‌మెంటు గేటు దాటగానే తుంపర మొదలైంది. ఆమె చేతులు స్టీరింగ్ మీద బిగుసుకున్నాయి. దీపాలు వేసింది, వైపర్లు వేసింది, నెమ్మదిగా రింగ్ రోడ్డు మీదికి తిప్పింది. చిన్నప్ప తలుపు మీది పిడి పట్టుకుని కూర్చున్నాడు. బస్సు ఎత్తులో కూర్చుని రోడ్డు చూడటం అలవాటైన మనిషికి చిన్న కారు కిందనుంచి చూస్తే అంతా కొత్తగా ఉన్నట్టుంది. మెడ చాపి చాపి చూస్తున్నాడు.

ముందు వెళ్ళే బండ్లు నీళ్ళు చిమ్ముతున్నాయి. ఒక ఫ్లైఓవర్ నీడలోకి వచ్చేసరికి, ముందు సందులోంచి బూడిద రంగు టెంపో ఒకటి దీపాలు లేకుండా మా దారిలోకి మెల్లగా బయటికి వస్తోంది. నాకు అది ఆలస్యంగా కనిపించింది. చిన్నప్ప ఊపిరి గట్టిగా పీల్చి కుడికాలితో కింద చాప నొక్కేశాడు, అక్కడేదో బ్రేకు ఉన్నట్టు.

కారు అప్పటికే నెమ్మదించి ఉంది. స్వర్ణ బ్రేకు మీద కాలు ఉంచి, టెంపోవాడు పూర్తిగా వచ్చేదాకా ఆగి, వాడు తనని చూశాడని చూసుకుని, మళ్ళీ ముందుకు పోనిచ్చింది.

"చూశానన్నా" అంది. "మీకంటే ముందే చూశాను."

చిన్నప్ప తన కాలి వైపు చూసుకున్నాడు. మెల్లగా చాప మీద నుంచి ఎత్తాడు. ఆమె నవ్వింది. ఆ నవ్వుకి అతనూ నవ్వాడు. అంత నవ్వు నేను అతని ముఖంలో ఎప్పుడూ చూడలేదు. వెనక సీట్లో నేను కళ్ళు తుడుచుకుంటూ నవ్వుతున్నాను.

ముందు సిగ్నల్ దగ్గర ఆమె అడిగింది, "ఇక వెనక్కి తిప్పమంటారా అన్నా? బస్టాండు దగ్గర దించాలా?"

"ఇప్పుడే వద్దు తల్లీ" అన్నాడు చిన్నప్ప, పిడి వదిలేసి సీట్లో వెనక్కి వాలుతూ. "బాగా నడుపుతా ఉండావు. ఇంగ కొంచెం దూరం పోనీ."